నా పుస్తకంలో ‘చెత్త’ అనే గడి

పాత వస్తువుల హర్రాజు పనిలో కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వెండికీ జర్మన్ సిల్వర్‌కూ తేడా ఎలా పట్టాలి, లక్క నింపిన గుండ్లలో బంగారం ఎంతో ఎలా తేల్చాలి అని అడుగుతారు. చివరికి అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు. “సార్, మీ తూకం ఎప్పుడన్న తప్పిందా?”

తప్పలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. గొప్పకు చెప్పడం లేదు, పదకొండు పుస్తకాలున్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. ఆ తప్పని తూకంతోనే ఒక పూట ముప్పై ఏడు ఇళ్ళ గుర్తులు తుడిచిపెట్టాను. ఇది నోటితో చెప్పబోతే వరుసగా రావడం లేదు. అందుకని రాస్తున్నాను.

ముందు నా సంగతి నాలుగు మాటల్లో. పదో తరగతిలో లెక్కల్లోనే తప్పాను. తాండూరులో ఒక పప్పు మిల్లులో కందుల బస్తాలు తూచాను. తర్వాత బండల పాలిష్ యూనిట్‌లో పలకలు కొలిచాను. వెండి బంగారాల పని నాకెవరూ నేర్పలేదు. వస్తువును గాలిలో ఒకసారి, నీళ్ళలో ముంచి ఒకసారి తూస్తే ఆ తేడాను బట్టి లోహం ఎంత స్వచ్ఛమో తెలుస్తుందని ఒక పాత పాఠ్యపుస్తకంలో చదివాను. ఇంట్లో ఉన్న చెంచాలన్నీ నెలల తరబడి నీళ్ళలో వేలాడదీశాను. “నీ చదువు ఒడిసినంక ఒక్క చెంచన్న ఇయ్యి, పప్పు కలపాలె” అనేది మా ఆవిడ. అలా నేర్చుకున్న విద్య కనుక దాని మీద నాకు మమకారం ఎక్కువ. కాటా చూపించిందే నమ్మేవాణ్ణి. మనుషులు చెప్పేది తర్వాత.

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో మా సేటు ఆఫీసు ఉండేది. పాత ఇళ్ళలో అమ్మకానికి వచ్చిన బిదర్ పనితనం హుక్కాలు, ఇత్తడి దీపాలు, వెండి నగలు, చెక్కిన తలుపులు తెచ్చి ఏడాదికి రెండుసార్లు ఫంక్షన్ హాల్లో హర్రాజు పెట్టేవాడు. హాల్లో కూర్చున్నవాళ్ళు చేయెత్తి పాడేవాళ్ళు. బయటి ఊళ్ళవాళ్ళు ఫోన్లలో పాడేవాళ్ళు. పాట పెట్టే మనిషి అంతకుముందు మార్కెట్ యార్డులో కందుల రాసుల ముందు నిలబడి పాట పెట్టిన వాడే. గొంతు ఎత్తితే మైకు అక్కర్లేదు. నన్ను ‘గ్రాము సారు’ అనేవాడు. “గీయన చాయ్‌ల చక్కెర పలుకులు గూడ లెక్కవెట్టి ఏస్కుంటడు” అని కొత్తవాళ్ళకు పరిచయం చేసేవాడు. ఫొటోలు తీయడానికి పక్కనే స్టూడియో నడిపే ఒకావిడ వచ్చేది. నన్ను అన్నా అనేది. నా పద్ధతి ఆవిడకు నచ్చేది కాదు గాని ఓపిక పట్టేది.

ఆ ఏడు తాండూరులో ఒక వ్యాపార కుటుంబం నుంచి కబురొచ్చింది. పాత ఇల్లు విప్పి కొత్తది కట్టుకుంటున్నారు. అటక మీది సామాన్లు హర్రాజుకు పెట్టాలని ఇంటి యజమాని నిర్ణయించాడు. యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. పొద్దుటి రైలుకు నేనూ ఫొటోల ఆవిడా వెళ్ళాం.

ఇత్తడి సామాను, రెండు బిదర్ పాన్‌దాన్లు రాసుకున్నాక ఒక పెద్ద సందుగ దింపించారు. తీస్తే లోపల గొంగడి ముక్కల్లో చుట్టిన మూటలు. ముప్పై ఏడు. అన్నిట్లోనూ వెండి నగలే: కాళ్ళ కడియాలు, దండ కడియాలు, మెడకు పెట్టుకునే కంటెలు. పల్లెటూరి పని, బరువైన పని, ఇప్పుడెవరూ చేయలేని పని.

“గివి ఎక్కడివి?” అని అడిగాను.

“మా నానమ్మవి. ఆమె కాలంల కొనిపెట్టినవే ఉంటయి” అన్నాడు యజమాని. ఆమె పోయి పదేళ్ళు దాటిందట.

ప్రతి మూటలోని నగలూ ఒక నల్లటి ఉన్ని దారంతో కలిపి కట్టి ఉన్నాయి. దారానికి ముడులు. ఒకదానికి రెండు, ఒకదానికి ఆరు. దారం కొసన గోరంత గుడ్డ పొట్లం. విప్పి చూశాను. ఒకదాంట్లో జొన్నలు, ఒకదాంట్లో కందులు, ఇంకోదాంట్లో ఆముదం గింజలు. పెట్టెలో నగలతో పాటు గింజలు వేయడం శుభమని కొన్ని ఇళ్ళలో ఉంది. ఇదీ అదే అనుకున్నాను. కందుల్ని వేళ్ళ మధ్య నలిపి, ఇది పాత రకం, చిన్న గింజ, ఇప్పుడు పండించడం లేదని ఫొటోల ఆవిడకు చెప్పాను కూడా. గింజ రకం గుర్తుపట్టినందుకు నా మీద నాకే ముచ్చటేసింది. అది అక్కడెందుకు ఉందని మాత్రం తోచలేదు.

“అన్నా, గీ దారాలతోనే ఫొటోలు కొడత. మస్తుగున్నయి” అంది ఆవిడ.

“వద్దు. కొనేటోళ్ళు దారం బరువు గూడ వెండి బరువే అనుకుంటరు. శుభ్రం చేసినంక తియ్యి.”

“ఒక్కటన్న తియ్యనియ్యరాదు.”

“వద్దన్న గదమ్మా.”

నా పద్ధతి ఇది. మొదట గొంగడి ముక్క తీసేసి, మూటలో ఎన్ని నగలో రాసి, దారంతో, గింజలతో తూచి రాస్తాను. దారం తెంపి, గింజలు తీసేసి మళ్ళీ తూచి రాస్తాను. రెండింటి తేడా పక్క గడిలో వేస్తాను. రేపు అమ్మేవాళ్ళు “మూట గంత బరువుండె, గింతెట్లయింది” అంటే చూపించడానికి జవాబుండాలి. ఆ గడి పైన ఏం రాయాలో ఒక్క క్షణం ఆలోచించి, ‘చెత్త’ అని రాశాను.

పెరట్లో యజమాని తల్లి చాటలో కందులు ఏరుతూ కూర్చుంది. ఎనభై ఉంటాయి. చాయ్ పంపించి, తర్వాత తనే గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి గడపలో నిలబడింది.

“దారాలు తెంపుతున్నవా నాయినా?”

“అవునమ్మా, తూకంల కలుస్తయి.”

ఆమె నా పుస్తకం వైపు చూసింది. గీతలు కొట్టిన గడులు, వరుసగా అంకెలు. “అన్ని రాసుకుంటున్నవు గద?”

“ఒక్కటి గూడ ఇడుస్తలేనమ్మా.”

“అయితే మంచిది” అని వెళ్ళిపోయింది.

గడపలో ఆమె అన్న మూడు మాటలూ నేను ఎన్నిసార్లు నెమరేసుకున్నానో లెక్క లేదు. నాకు లెక్క లేనివి తక్కువ.

సాయంత్రానికి పని పూర్తయింది. నీలం బండల నేల మీద నల్ల దారాలు, గుడ్డ పేలికలు, గింజలు ఒక చేటెడు కుప్పయ్యాయి. ఊడ్చి మున్సిపాలిటీ బండిలో వేశారు. నగలను రకం వారీగా విడదీశాను. కడియాలు కడియాలతో, కంటెలు కంటెలతో. ఒక్కో నగ బరువు మళ్ళీ విడిగా రాశాను. విరిగినవాటిని, అతుకు ఊడినవాటిని వేరే పెట్టి, హర్రాజుకు పనికిరావని సేటుకు చెప్పాను. ఆయన వాటిని హైదరాబాద్‌లో వెండి కరిగించేవాళ్ళకు తూకం మీద పంపేశాడు.

మూటల్లో పదకొండు చిన్న వెండి బిళ్ళలు కూడా దొరికాయి. అగ్గిపెట్టెంత ఉంటాయి. ఒక్కోదాని మీద చేతులు జోడించి నిలబడ్డ ఆడమనిషి బొమ్మ. ఒకే ఔసలి ఒకే అచ్చు మీద కొట్టిన పని అని చూడగానే తెలిసింది. చిత్రమైన కళ. ఇరవై రెండో లాటుగా పదకొండూ కలిపి పెట్టాం. ఫొటో ఫోన్లలోకి వెళ్ళిన రోజే హైదరాబాద్ నుంచి ఇద్దరు ఆ లాటు గురించి అడిగారు. సేటు నా భుజం తట్టాడు.

హర్రాజు రోజు హాలు నిండింది. పదకొండు గంటలకల్లా ఇరవై ఒక్క లాట్లు అయిపోయాయి. నేను వేదిక పక్కన కాటా, పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా తూకం అడిగితే అక్కడికక్కడే చూపించడం నా పని. యజమాని ముందు వరసలో ఉన్నాడు. ఇరవై రెండో లాటు మీద ఫోన్లలో ఇద్దరూ పట్టుబట్టారు. పాట పెట్టే మనిషికి ఉషారెక్కింది. “ఒకటోసారి... రెండోసారి...”

“ఆపుండ్రి సారూ!”

తలుపు దగ్గర డెబ్బై ఏళ్ళ ముసలామె. చెమటతో ముఖం తడిసిపోయి ఉంది. వెనకే నలభై ఏళ్ళ మనిషి ఆమెను పట్టుకుని ఉంది, ఆమె బిడ్డ అని తర్వాత తెలిసింది. ధారూర్ అవతల ఒక పల్లె వాళ్ళది. గొర్లు కాసిన కుటుంబం. రైలు దిగి పరుగున వచ్చారు.

“ఎవలు గీ పాట పాడుతున్నది? మా అత్తను అమ్ముతున్నరంట!”

పాట పెట్టే మనిషికి మార్కెట్ యార్డు అలవాటు పోలేదు. మైకులోనే అన్నాడు: “అత్తను ఎవలు కొంటరవ్వా? ఉన్న అత్తతోనే వేగలేక సస్తున్నరు అందరు.”

హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. వేదిక దాకా నడిచొచ్చి, మఖమల్ గుడ్డ మీద పేర్చిన బిళ్ళలకేసి చేయి చాపి, ముట్టుకోకుండా ఆపుకుంది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

“మా మనవడు ఫోన్‌ల చూపిచ్చిండు. గిది బొమ్మ గాదు సారూ, మా అత్త. సచ్చిపోయిన మా అత్త. ఇంటి పెద్దలు పోతె మేం బిళ్ళ కొట్టిచ్చుకుంటం. దేవుని గంపల పెట్టుకుంటం. వచ్చే అమాసకు మా ఇంట్ల పెద్దల కొలుపు. ఏడేండ్లకొకపారి చేస్తం. అత్త రాకపాయె అంటె ఆమెకు కూసునే జాగ ఎక్కడున్నది?”

సేటు లేచాడు. “అవ్వా, గివి తాండూరుల సావుకార్ల సామాన్లు. నీయెట్లయితయి?”

“సావుకారోళ్ళ దగ్గర్నే పెట్టినం. గొర్లు తోలుకోని కర్ణాటక దిక్కు పోయేటప్పుడు దారిల పోతయని ఇంట్ల వెండంత ఆ పెద్ద సావుకారమ్మ దగ్గర పెట్టిపోతుంటిమి. కొలుపుకు తెచ్చుకునుడు, మళ్ళ పెట్టుడు. మేమొక్కళ్ళమే గాదు, మా దిక్కు మూడూర్లోళ్ళు పెట్టినరు. ఒక్క పైస ఇచ్చేది లేదు, తీసుకునేది లేదు. అమానతు.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు రాలే?”

“పోయిన కొలుపు నాటికి మా ఆయన పాయె. సూతకం, చెయ్యలే. అంతకు ముందే ఆ అమ్మ గూడ పాయె. కొత్తోళ్ళు ఏమనుకుంటరో అని పోబుద్ధి గాలే. ఎక్కడికి పోతయి, సావుకారోళ్ళ ఇంట్లనే ఉన్నయి గద అనుకున్నం.”

యజమాని ముఖం తెల్లబోయింది. “నాకు తెల్వదు. మా నాయిన గూడ ఎన్నడు చెప్పలే” అంటూ ఫోన్ తీసి ఇంటికి చేశాడు. సేటు అడ్డుపడే లోపే పాట పెట్టే మనిషి మైకు తెచ్చి ఆ ఫోన్ దగ్గర పెట్టాడు. తన జోకు గొంతులో అడ్డం పడ్డట్టుంది, ఎలాగైనా సరిచేసుకోవాలని చూశాడు. ఆ తల్లి గొంతు హాలంతా వినిపించింది.

“మనయి గావురా అయి. మా అత్త దగ్గర గొర్లోళ్ళు అమానతు పెట్టినయి.”

“మరి నాకెందుకు చెప్పలే అమ్మా?”

“హర్రాజని నువ్వు నాకు చెప్పినవా? ఎవరియి వాళ్ళకు పంచుతందుకు తూకమేస్తున్నరనుకున్న. దాంట్ల పరేషాన్ ఏమున్నది? దారం చూడు, ఎవరియో తెలుస్తది. గింజ చూస్తే ఊరు తెలుస్తది, జొన్నలైతె ఒక ఊరు, కందులైతె ఒక ఊరు, ఆముదాలైతె ఒక ఊరు. ఎన్ని గింజలో అన్ని నగలు. ఎన్ని ముడులో గది ఇంటి గుర్తు. మా అత్తకు రాసుడు రాదు. దారమే ఆమె పుస్తకం.”

నా చేతులు పుస్తకం మీదే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా లెక్కలే లోకం అనుకున్నవాణ్ణి. నా ఎదురుగా ఊరు, ఇల్లు, వస్తువుల సంఖ్య మూడూ ఉన్న లెక్క పెట్టి ఉంటే, అది అంకెల్లో లేదు గనక చెత్త అన్నాను. నా పప్పు మిల్లు చదువంతా కంది గింజ రకం చెప్పడానికే సరిపోయింది.

ఫోన్‌లో ఆమె ఇంకా అంటోంది: “తూకమేసిన సారు ఉన్నడు గద, ఆయన్నడుగు. దారాలు తెంపుతుంటె నేను అడిగిన. అన్ని రాసుకున్న అన్నడు. లెక్కలోడు, ఎందుకు ఇడుస్తడు?”

అందరూ నా వైపు తిరిగారు. “దారాలు పారేసిన” అన్నాను. “ముడులు రాయలే. గింజలు రాయలే.”

ఫొటోల ఆవిడ తలొంచుకుంది. ఒక్క ఫొటో అయినా తీయనియ్యమని అడిగిన మనిషి ఆవిడే.

ముసలామె నా మాట పట్టించుకోలేదు. బిళ్ళల మీదకు వంగి మొదటిది చూసింది. రెండోది చూసింది. పదకొండూ చూసి మళ్ళీ మొదటికి వచ్చింది. అత్తను చూడగానే పట్టేస్తానన్న ధైర్యంతో వచ్చిన మనిషి. ఆ ధైర్యం ఒక్కో బిళ్ళ దగ్గర కొంచెం కొంచెం దిగిపోవడం నేను చూశాను.

“అన్ని ఒక్క తీర్గనే ఉన్నయి గద బిడ్డా” అంది తన బిడ్డతో, చిన్నగా.

అవును మరి. ఒకే అచ్చు. పదకొండు ఇళ్ళ అత్తలు, తల్లులు ఒకే ముఖంతో చేతులు జోడించి నిలబడ్డారు. ఎవరు ఎవరో చెప్పింది ఆ దారాలే.

యజమాని లేచి, మూటల్లోని వెండి ఒక్కటీ అమ్మబోవడం లేదని చెప్పాడు. సేటు ఎదురు చెప్పలేదు. ఫోన్లలో పాడుతున్న ఇద్దరికీ పాట ఆగిపోయిందన్నాడు. నా పక్క నుంచి పోతూ నెమ్మదిగా అన్నాడు: “ఇరవై రెండేండ్లల నీ తూకం మీద ఒక్కడు నోరెత్తలే. ఇయ్యాల ఎత్తిన్రు. అది గూడ తూకం తప్పనందుకు.”

నేను కుర్చీలోనే ఉండిపోయాను. అప్పుడు ఆమె బిడ్డ సంచిలోంచి ఒక డబ్బీ తీసింది. “సారూ, మా దగ్గరున్న దారం గిదే. పనికొస్తదా?”

నల్ల ఉన్ని దారం. నాలుగు ముడులు. కొసన గుడ్డ పొట్లం. విప్పితే ఐదు కంది గింజలు, చిన్న రకం. ఒకదాన్ని పురుగు తొలిచింది.

“ఆ అమ్మ నా ముందటనే కట్టింది” అంది ముసలామె. “దారం నడిమికి తుంచి సగం నగలకు, సగం మాకు. రెండిటికి అవే ముడులు, అవే గింజలు. నాలుగు ముడులంటె మేం.”

నేను ఆ దారాన్ని కాటా మీద పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పటికి నాకే తెలియదు. చేతికి తెలిసింది అదొక్కటే కనుక పెట్టి ఉంటాను. కాటా 1.41 గ్రాములు చూపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. పుస్తకం తెరిచి చెత్త గడి మీద వేలు పెట్టి కిందికి దించాను. ముప్పై ఏడు అంకెలు. నేను పారేసిన ప్రతి దారం, ప్రతి గింజ బరువుగా మాత్రం ఆ గడిలో మిగిలి ఉంది. 1.41కి దగ్గరగా ఉన్నవి నాలుగే. ఆ నాలుగు మూటల్లో ఐదు నగలున్నది ఒక్కటే. పంతొమ్మిదో మూట, చెత్త 1.46. పురుగు తిన్న గింజ ఆ ఐదు వందో వంతులు తినేసి ఉంటుంది.

పంతొమ్మిదో మూటలో దారం తీశాక వెండి 601.30 గ్రాములు. “మీ అయిదు నగలు ఏమేంటియి?” అని అడిగాను.

“కాళ్ళ కడియాలు రెండు. దండ కడియం ఒకటి. కంటె ఒకటి. అత్త.”

కడియాలు, దండ కడియాలు, కంటెలు ఇంకా పాటకు రాలేదు. తట్టల్లో తెచ్చి పెట్టాం. కడియాల్లో తనవి ఆమె వెంటనే పట్టింది. ఒకదానికి రాగి అతుకు ఉంది. దండ కడియం మోచేతి పైకి ఎక్కించి చూసుకుని అవునంది. మూడూ కలిపి 415.48. మిగిలింది 185.82. అందులో కంటె, బిళ్ళ.

“కంటె చూపియ్యి సారూ” అంది.

ఉన్న కంటెలన్నీ చూసి తల అడ్డంగా ఊపింది. “మాది నడుమ ఇరిగింది.”

విరిగినవి. సేటు కరిగించేవాళ్ళకు ఫోన్ చేశాడు. అవతలి జవాబు ఆయన ముఖంలోనే కనిపించింది. వారం కిందటే కడ్డీలైపోయాయి. ఆమె వింది. కింద కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. “నా పెండ్లికి మా అత్త మెడల నుంచి తీసి నాకు ఏసింది గది” అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. పాట పెట్టే మనిషి వెళ్ళి నీళ్ళు తెచ్చి, ఆమె ముందు గొంతుక్కూర్చుని, “తప్పయింది అవ్వా, నోరు జారిన” అన్నాడు. “నీ అత్త బతికే ఉన్నదా కొడకా?” అని అడిగింది ఆమె. ఉందన్నాడు. “మంచిగ చూస్కో” అంది.

నేను విరిగినవాటి పట్టిక తీశాను. నడుమ విరిగిన కంటెలు మూడు: 171.05, 176.18, 190.40. మొదటిది తీసేస్తే బిళ్ళ పద్నాలుగు గ్రాములు దాటుతుంది. అంత బరువు బిళ్ళ లేదు. మూడోది మిగిలిన మొత్తం కంటే ఎక్కువ. రెండోది తీసేస్తే మిగిలేది 9.64.

“9.64” అన్నాను గట్టిగా. “మీ అత్త బరువు 9.64.”

ఫొటోల ఆవిడ ఒక్కో బిళ్ళా కాటా మీద పెట్టింది. పుస్తకంలో ఉన్నదే, అయినా మళ్ళీ తూచాం. 9.58. 9.71. 9.64. ఆవిడ నా కళ్ళలోకి చూసి నవ్వింది. నేను మాత్రం తర్వాతి అంకెలు తూచకముందే చూశాను, పుస్తకంలో. ఎనిమిదోది కాటా మీద నిలిచింది. 9.64.

ఒకే ఔసలి, ఒకే రేకు, ఒకే అచ్చు. నా కాటా గ్రాములో వందో వంతు దాకా చూస్తుంది. దాని కిందది దానికి కనపడదు.

రెండు బిళ్ళలూ ఆమె ముందు పెట్టాను. “ఈ రెండిట్ల ఒకటి మీది. ఏదో చెప్పలేను.”

“నీ లెక్క ఒడిసిందా సారూ?”

“ఒడిసిందమ్మా.”

ఆమె ఒక అరచేతిలో ఒకటి, ఇంకో అరచేతిలో ఒకటి పెట్టుకుని మార్చి మార్చి చూసింది. చివరికి యజమానిని అడిగింది, రెండూ తీసుకుపోవచ్చా అని. ఒకటి తనది, రెండోదాని వాళ్ళు వచ్చేదాకా తన ఇంట్లో అమానతు. ఆయన చేతులు జోడించాడు, సరిగ్గా ఆ బిళ్ళ మీది బొమ్మలాగే.

“ఇద్దరు కలిసి కూసుంటరు తీ” అంది బిడ్డతో. “మా అత్తకు ముచ్చట పెట్టేటోళ్ళుంటె చాలు.”

బిడ్డ సంచిలోంచి నల్ల ఉన్ని దారపు ఉండ తీసింది. కొలుపుకని తెచ్చుకున్నదట. ముసలామె ఒక పోగు తెంపి మొదటి బిళ్ళకు చుట్టి నాలుగు ముడులు వేసింది. ఇంకో పోగు తెంపి రెండోదానికి చుట్టింది. కొస పట్టుకుని నా వైపు తిరిగింది.

“దీనికెన్ని ముడులెయ్యాలె, చెప్పు.”

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. లెక్కలవాణ్ణి, నాకు తెలిసి ఉంటుందనుకుంది.

ఆ ఏడాదే పని మానేశాను. సేటు వద్దన్నాడు. కళ్ళు బాగున్నాయి, చేయి వణకదు, యాభై మూడేళ్ళకే ఏమిటన్నాడు. మిగిలిన మూటల వెండి యజమాని తల్లి మాట ప్రకారం ఆ సందుగలోనే ఉంది. తాళం చెవి ఆమె దగ్గర ఉంది. నేను వారానికి ఒకట్రెండు రోజులు కాటా, పుస్తకం సంచిలో వేసుకుని ధారూర్ దిక్కు, పరిగి దిక్కు, కర్ణాటక అంచు దాకా పోతుంటాను. గొర్లోళ్ళ ఇళ్ళలో పాత దారం ఉందా అని అడుగుతాను. కొందరి దగ్గర ఉంటుంది. కొందరు ఎప్పుడో పారేశారు. దారం దొరికితే తూచి, చెత్త గడిలో వెతుకుతాను. ముప్పై ఏడులో ఇప్పటికి పద్నాలుగు మూటలు ఇళ్ళకు చేరాయి. ఇప్పుడు ఎవరి ఇంట్లోకి వెళ్ళినా కాటా తీసే ముందు కూర్చుని, ఇది ఎవరిది, ఎందుకిలా కట్టారు అని అడుగుతాను. చెప్పేది మొత్తం విన్నాకే పుస్తకం తెరుస్తాను. ఈ పనిలోకి వచ్చిన మీకు నేను చెప్పగలిగింది అంతే. నీళ్ళలో తూచడం ఎవరైనా నేర్పుతారు.

పోయిన నెల ఆ ముసలామె ఇంటికి వెళ్ళాను. దేవుని గంప చూపించింది. బిళ్ళలు రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని దారానికి నాలుగు ముడులు. రెండోదాని దారం నున్నగా అలాగే ఉంది.

“ఎవలన్న దొరికిన్రా సారూ?” అని అడిగింది.

ఇంకా లేదన్నాను.